గుఱ్ఱపు స్వారీకి అనువైన కొండసీమలు

మన పాఠశాలలో విహారయాత్ర ప్రసక్తి వచ్చినప్పుడెల్ల తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు రెండు. ఖర్చు ఎంత అగును? పిల్లలు క్షేమముగా తిరిగి వత్తురా? ఈ యేడు వీనికి మూడవది తోడైనది. "కొండలు చూపించుట బాగే గాని, పిల్లలను గుఱ్ఱముల నెక్కించుట యెందులకు, సారూ?" అని పలువురు అడిగిరి. ప్రశ్న సమంజసమైనదే. సభలో నిలుచుండి రెండు మాటలలో చెప్పదగిన సమాధానము కాదు గనుక ఈ సంచిక పుటల నాశ్రయించితిని. ఎచ్చటికి పోవచ్చును, అచ్చట ఏమి చూడవచ్చును, ఏ జాగ్రత్తలు అవసరము అను విషయములు తెలిసిన పిమ్మట పంపుటయు మానుటయు మీ యిష్టము.

ముందుగా ఒక చిన్న సంగతి. ఎనిమిదవ తరగతి పిల్లలను గుఱ్ఱమునకు సంబంధించిన తెలుగు మాటలు పది చెప్పుడని అడిగితిని. ఘోడా, లగామ్, నాల్ అనినారు. కళ్ళెమని ఒక్క బాలిక మాత్రము చెప్పినది. అదియు వాళ్ళ నాయనమ్మ సామెతలో విన్నదట. మరాఠీ మనకు అన్నము పెట్టు భాష. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని వస్తువు కంటికి దూరమైనప్పుడు మాట నోటికి దూరమగును. జీను, కళ్ళెము, వాగె, అంకవన్నె, లాడము, జూలు, గిట్ట, సకిలింపు అను మాటలను నల్లబల్లపై వ్రాసి వల్లె వేయించిన మరునాటికే మరతురు. జీనుపై కూర్చుండి, వాగె చేత పట్టి, అంకవన్నెలో కాలు మోపిన బిడ్డ వానిని జన్మలో మరువదు. విహారయాత్రలో ఇది కూడ ఒక పాఠమని నేను తలంతును.

మన షోలాపురమునకు గుఱ్ఱము పరాయి ప్రాణి కాదు. మన జిల్లాను తడుపుచు పారు భీమానది పేరనే ఒక గుఱ్ఱపు జాతి కలదు. భీమ్‌థడీ యని దాని పేరు. థడి యనగా మరాఠీలో నదీతీరము. మనము దరి యందుము. ఈ గుఱ్ఱములు పొట్టివి, గట్టి గిట్టలు గలవి, కొద్దిపాటి మేతతో ఎక్కువ దూరము నడువగలవి. మరాఠా రౌతులకు కొండదారులలో పేరు తెచ్చినవి ఇట్టి దక్కను గుఱ్ఱములే. నేటికిని ధనగరు గొల్లలు మందలతో ఊరూరు తిరుగునప్పుడు వంటసామాను, గుడారము, కోడిపిల్లలు, ఒక్కొక్కప్పుడు చంటిబిడ్డలు సహా వీని వీపుననే సాగిపోవుదురు. దీపావళి తరువాత మన ఊరి పొలిమేరలలో ఆ బిడారులను చూడనివారుండరు. చిరకాలము దీనిని ప్రత్యేక జాతిగా ఎవరును లెక్కింపలేదు. ఇటీవలి సంవత్సరములలోనే ప్రభుత్వ పశుసంపద పట్టికలో దీనికి చోటు దొరికినది. ఇక మన తెలుగు రాజుల మాట చెప్పవలెనన్న, దూరదేశముల నుండి మేలి గుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరింపవలెననియు, అవి శత్రువుల పాలు కాకుండ చూచుకొనవలెననియు శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పియున్నాడు.

స్వారీ నేర్చుటకు పట్టణపు వీథులు పనికిరావు. మోటారు కూతకు బెదరని గుఱ్ఱము అరుదు. కనుక మోటారు లేని చోటు వెదకవలెను. అట్టి చోటు మన రాష్ట్రములోనే కలదు. అది మాథేరాను.

మాథా యనగా తల, రాన్ అనగా అడవి. కొండ తలపై నున్న అడవి యని పేరులోనే చెప్పబడినది. సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల యెత్తున నున్న ఈ కొండను 1850లో ఠాణా కలెక్టరు హ్యూ మాలెట్టు అను ఆంగ్లేయుడు కనుగొన్నాడని పుస్తకములు చెప్పును. కనుగొన్నాడను మాట నాకంతగా నచ్చదు. కొండవాలులలో గిరిజనులు అంతకుముందే కాపురమున్నారు. దొరగారు వేసవికి చల్లని చోటు కనుగొన్నారనుట న్యాయము.

మన ఊరినుండి రాత్రి బండి ఎక్కిన కల్యాణు వరకు పోయి, అచ్చటినుండి లోకలు బండిలో నేరళ్ చేరవచ్చును. నేరళ్ నుండి కొండపైకి చిన్న రైలు కలదు. పట్టాల మధ్య వెడల్పు రెండడుగులు మాత్రమే. పీర్‌భాయి కుటుంబమువారు తమ ధనముతో 1904 మొదలు 1907 వరకు శ్రమించి ఈ మార్గమును నిర్మించిరి. సుమారు 20 కిలోమీటర్ల దూరము మెలికలు తిరుగుచు ఎక్కు ఈ బండిలో కూర్చుండిన పిల్లలకు భూగోళశాస్త్రములోని కొండదారి పాఠము వేరుగ చెప్పనక్కరలేదు. 2005 నాటి భారీ వర్షములకు ఈ మార్గము కొట్టుకొనిపోగా బాగుచేసి మరల నడిపించుటకు రెండేండ్లు పట్టినది. వానకాలములో నేరళ్ నుండి బండి నడువదు. టాక్సీలో పోవువారు దస్తూరీ నాకా వద్ద దిగిపోవలెను. అంతకుమీద మోటారు వాహనములకు ప్రవేశము లేదు. రోగుల బండి వంటి అత్యవసర వాహనములకు మాత్రమే మినహాయింపు. 2003లో కేంద్ర ప్రభుత్వము ఈ కొండను, పరిసరములను పర్యావరణ దృష్ట్యా సున్నిత ప్రాంతముగా ప్రకటించినది.

దస్తూరీనుండి బజారు సుమారు 3 కిలోమీటర్లు. నడువవచ్చును, అమన్ లాడ్జి అను చిన్న స్టేషను వద్ద షటిలు బండి ఎక్కవచ్చును, గుఱ్ఱమెక్కవచ్చును. నా సలహా యేమనగా, ఈ మొదటి దూరము గుఱ్ఱముపై పోరాదు. యాత్రికుల రద్దీ, మూటలు మోయువారి తొందర, బేరముల గలాటా అన్నియు ఇచ్చటనే. పిల్లలు నడచిపోయి, రాత్రి విశ్రమించి, మరునాడు ఉదయము స్వారీకి పోవుట మేలు.

ఉదయమనగా ఆరున్నర, ఏడు గంటల వేళ. ఎఱ్ఱమట్టి దారులు రాత్రి మంచుకు తడిసి దుమ్ము లేవక యుండును. రెండు ప్రక్కల నేరేడు, కరక మొదలగు చెట్లు గుబురుగా పెరిగి దారిపై పందిరి కట్టినట్లుండును. మోటారు సద్దు లేదు. గుఱ్ఱపు గిట్టల చప్పుడు, పిట్టల కూతలు, కోతుల కిచకిచలు తప్ప మరేమియు వినరాదు. మన వీథిలో తెల్లవారుజామునుండి మగ్గముల చప్పుడుకు అలవాటుపడిన పిల్లలకు ఆ నిశ్శబ్దమే ఒక వింత. సూర్యోదయమునకు ఉత్తరపు కొసనున్న పనోరమా పాయింటు ప్రసిద్ధము. కొండ అంచుననుండి చూచిన క్రింద నేరళ్ గ్రామము, చుట్టును మడతలు మడతలుగా సహ్యాద్రి శ్రేణులు కనబడును. అంత దూరము పోలేనివారికి షార్లెట్ సరస్సు దారి చాలును. ఈ సరస్సు ఊరివారి త్రాగునీటి చెరువు. ప్రక్కనే పిసర్‌నాథుని పేర శివాలయము కలదు. అచ్చటికి సమీపముననే లూయిసా పాయింటు, ప్రతిధ్వని వినిపించు ఎకో పాయింటు ఉన్నవి. లూయిసా పాయింటునుండి ఎదుట ప్రబల్ దుర్గము కోటకొండ కనబడును. ఎకో పాయింటు వద్ద మన పిల్లలు వేయు కేకలు కొండకు తెలుగు నేర్పునని నా నమ్మకము. అన్ని పాయింట్లును ఒక్కదినములో చూపింతుమని అశ్వపాలకులు బేరమాడుదురు. ఒప్పుకొనరాదు. రెండు చాలును. గంటల కొలది జీనుపై కూర్చుండుట అలవాటు లేని బిడ్డకు మరునాడు తొడలు పట్టుకొనిపోవును.

ఒక ముఖ్య నియమము. కొండ అంచులకు కొంత దూరమననే గుఱ్ఱము దిగి నడచి పోవలెను. గుఱ్ఱముపై నుండగనే లోయ చూడవలెనను ఉబలాటము పనికిరాదు.

ఆ కొండపై గుఱ్ఱములను నమ్ముకొని బ్రతుకు కుటుంబములు అనేకములు కలవు. మగ్గమును నమ్ముకొని బ్రతికిన మనకు వారి స్థితి అర్థము కాకపోదు. మనుష్యుడు మనుష్యుని లాగు చేతి రిక్షాలకు బదులుగా 2022లో విద్యుత్ రిక్షాలను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టినప్పుడు అశ్వపాలకులు తమ జీవనోపాధి పోవునని ఆక్షేపించిరి. రిక్షా లాగువారు అవియే తమకు విముక్తి యనిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2025 ఆగస్టులో న్యాయస్థానము చేతి రిక్షాలను ఆరు నెలలలో మానిపించవలెనని ఆజ్ఞాపించినది. రిక్షా విషయములో తీర్పు న్యాయమని నేననుకొందును. మనుష్యుని భుజము కాడి కాదు. అశ్వపాలకుని సమస్య అంత సులభముగా తేలునది కాదు. మరమగ్గములు వచ్చినప్పుడు చేతిమగ్గపువారి సంగతి ఏమైనదో మన ఊరిలో ఇంటింట తెలియును. పై తరగతుల పిల్లలు ఆ అశ్వపాలకులతో మాటలాడి, వారి దినచర్య, మేత ఖర్చు, వానకాలపు బ్రతుకుతెరువు తెలిసికొని వ్యాసము వ్రాయవలెనని నియమించితిమి. దారులలో పేవర్ బ్లాకులు పరచిన చోట్ల గిట్టలు జారునని వారు చెప్పు మాటను కూడ పిల్లలు కన్నులార చూచి రావలెను.

మాథేరాను దూరమనువారికి పంచగని యున్నది. పండరిపురము, సాతారా, వాయి మీదుగా బస్సులో పోవచ్చును. ఊరి నెత్తిన బల్లపరుపుగా విశాలమైన పీఠభూమి కలదు. టేబులు లాండు అందురు. అగ్నిపర్వతపు లావా రాతిపై ఎఱ్ఱని జేగురురాయి గట్టిపడి ఏర్పడిన మైదానమిది. నేల సమతలముగా నుండుటచే తొలిసారి గుఱ్ఱమెక్కువారికి మాథేరాను దారులకంటె ఇదియే సులువు. కాని మైదానము అంచులు ఒక్కపెట్టున తెగి లోయలోనికి దిగును గనుక మధ్యభాగముననే స్వారి చేయవలెను. ఎండకు నీడ లేదు. సాయంకాలము పోవుట మంచిది. మహాబలేశ్వరమున వెణ్ణా సరస్సు గట్టునను గుఱ్ఱములు దొరకును గాని ఆ జనసమ్మర్దములో, మొక్కజొన్నపొత్తుల పొగలో స్వారీకి సొగసు లేదు. అంతవరకు పోయినవారు పాత మహాబలేశ్వరమున కృష్ణమ్మ పుట్టుచోటు చూచి రావలెను. విజయవాడవద్ద సముద్రమువలె కనబడు నది ఇచ్చట సన్నని ధారగా వెలువడుట తెలుగు బిడ్డ చూడదగిన దృశ్యము.

తమిళనాట బంధువులున్నవారు వేసవిలో ఊటీకి పోవుదురు. 2,240 మీటర్ల యెత్తు, పచ్చిక మేటలు, చల్లని గాలి. ఊరి నడుమ సరస్సువద్ద కంటె వెలుపలి వెన్‌లాక్ పచ్చికబయళ్ళ అందమే అందము. ఇక మదనపల్లె వైపు పోవువారు హార్సిలీ కొండలు అను పేరు విని అచ్చట హార్సులు, అనగా గుఱ్ఱములు, ఉండునని భ్రమపడకుందురు గాక. ఆ పేరు కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర వలన వచ్చినది. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. చక్కని చోటే గాని, పేరును నమ్మి జీను సిద్ధపరచుకొని పోవలదు.

ఇప్పుడు మీరడిగిన క్షేమము మాట. గుఱ్ఱముపైనుండి పడి యాత్రికులు ప్రాణములు కోల్పోయిన సంఘటనలు మాథేరానులో జరిగియున్నవి. దాచిపెట్టుట తగదు. అట్టి ప్రమాదములు ఎట్లు కలుగునో తెలిసికొన్న చాలవరకు తప్పించవచ్చును.

గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. భయము కలిగినచో దాని మొదటి ఉపాయము పరుగు. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది ఇంచుమించు చుట్టును చూడగలదు. సరిగా వెనుకను, నొసటికి ముందు కొంత మేరను మాత్రము చూడలేదు. కనుక వెనుకనుండి దగ్గరకు పోయిన తన్నును. ఎడమ భుజము వైపునుండి, మెల్లగా మాటలాడుచు సమీపింపవలెను. ఎక్కుట కూడ ఎడమనుండియే. గొడుగు విప్పుట, ప్లాస్టికు సంచి దులుపుట, వెనుక గుఱ్ఱముపై నున్న స్నేహితుని చూచి కేకలు వేయుట కూడదు.

పడుటకంటె ప్రమాదకరమైనది పడిన పిమ్మట కాలు అంకవన్నెలో చిక్కుకొనుట. గుఱ్ఱము బెదరి పరుగెత్తును, రౌతు నేలపై ఈడ్వబడును. పాదము మొత్తము దూర్చుటవలన ఈ గతి పట్టును. పాదపు ముందుభాగము మాత్రమే మోపి మడమను క్రిందికి నొక్కి యుంచినచో, పడునప్పుడు కాలు తనంతట జారి వెలువడును. కొద్దిపాటి మడమ గల మూసిన బూట్లు ఇందుకే, చెప్పులు పనికిరావు. తలకు హెల్మెట్టు లేనిదే ఏ బిడ్డనును ఎక్కనీయము. గవద క్రింద పట్టీ బిగించుకొనని హెల్మెట్టు లేనట్లే లెక్క. బాలికలు చున్నీ వేలాడనీయక నడుమునకు చుట్టుకొని, జడ ముడిచికొనవలెను. "ఆడపిల్లలకు స్వారీ యేల?" అని అడిగినవారికి నా సమాధానము ఇంతే: మగపిల్లలకు ఏల యనునది చెప్పుడు, అదియే వీరికిని చెల్లును.

గుఱ్ఱపు నడకలు నేర్చువానికి తెలియవలెను. నడకలో నాలుగు గిట్టలు వేరువేరుగా నేలను తాకును. నాలుగు దెబ్బలు వినబడును. దుడుకు నడకలో మూలకొక కాలు చొప్పున జంటలుగా పడుటచే రెండు దెబ్బలే వినబడును, స్వారి చేయువాడు ఎగిరెగిరి పడును. ఆపైన మూడు దెబ్బల పరుగు, చివర దౌడు. అమరకోశము గుఱ్ఱపు గతులను ధారలని పిలిచి ఐదింటికి వేరువేరు పేర్లు పెట్టినది. ధౌరితకము, వల్గితము, ప్లుతము అను పేర్లు వానిలోనివే. సంస్కృతము చదువు పిల్లలకు ఇది సరదాగా నుండును. మన పిల్లలకు అనుమతించునది మొదటి నడక మాత్రమే. అశ్వపాలకుడు ఆద్యంతము త్రాడు పట్టుకొని ప్రక్కన నడువవలెను. త్రాడు విడిచి పిల్లవానిని ఉబ్బించి పరుగెత్తించు వానికి తరువాత బేరము లేదు.

గుఱ్ఱమును ఎన్నుకొనుట ఉపాధ్యాయుల పని. ప్రక్కటెముకలు బయటపడినది, కుంటునది, జీను క్రింద పుండున్నది కూడదు. జీను ఎత్తి చూపుమని అడుగుటకు మొగమాటపడరాదు. 1965లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము బరువు మోయు పశువును దినమునకు 9 గంటలకు మించి గాని, విశ్రాంతి లేకుండ 5 గంటలకు మించి గాని పనిచేయింపరాదు. 37 డిగ్రీలు దాటిన ఎండలో మధ్యాహ్నము 12 మొదలు 3 వరకు అసలే కూడదు. తట్టువపై 70 కిలోలకు మించి బరువు వేయరాదు. గుఱ్ఱము తన బరువులో అయిదవ వంతు మించి మోయకుండుట మేలని స్వారి తెలిసినవారందురు. 250 కిలోల తట్టువకు జీనుతో కూడ 50 కిలోలన్నమాట. ఈ లెక్క చూచినచో మన పిల్లలు ఎక్కుటకు అభ్యంతరము లేదు. యాత్రకు తోడు వచ్చు తండ్రులలో కొందరు, ఈ వ్యాసకర్తతో సహా, నడచి వచ్చుటయే న్యాయము.

స్వారి ముగిసిన పిమ్మట గుఱ్ఱమునకు నానవేసిన ఉలవలు పెట్టుట చూపింపుమని అశ్వపాలకుని అడుగవలెను. మన ఇండ్లలో చారు కాచు ఉలవలకు ఆంగ్లమున గుఱ్ఱపు గింజలనియే పేరు. చేతితో తినిపించునప్పుడు అరచేయి చదునుగా చాచవలెను. వ్రేళ్ళు ముడిచిన కొరుకును.

మరియొక మాట వైద్యులు తరచు చెప్పునది. గుఱ్ఱపు పేడ కలసిన మట్టిలో ధనుర్వాతపు సూక్ష్మజీవులు ఉండవచ్చును. మోకాలు గీరుకొన్నను సబ్బుతో కడిగి ఉపాధ్యాయునికి చూపవలెను. 10వ యేట, 16వ యేట వేయవలసిన ధనుర్వాతపు టీకా మీ బిడ్డకు పడినదో లేదో కార్డు తీసి చూడుడు. పడనిచో బయలుదేరుటకు ముందే వేయింపుడు. ఉబ్బసము గల పిల్లలకు, ఇటీవల ఎముక విరిగి అతికిన పిల్లలకు వైద్యుని సలహా లేనిదే స్వారి వలదు.

అంగీకార పత్రములో యాత్రకు ఒక గడియు, స్వారికి వేరొక గడియు ఉంచితిమి. స్వారి రుసుము యాత్ర రుసుములో కలుపలేదు. ఎక్కని బిడ్డ తల్లిదండ్రులు ఎక్కిన బిడ్డ ఖర్చు భరింపనక్కరలేదు. నడచు పిల్లలకొరకు ప్రత్యేకముగా ఇద్దరు ఉపాధ్యాయులు షార్లెట్ సరస్సు దారిలో తోడు పోవుదురు, వారును అదే అడవిని చూతురు. రెండవ గడిలో ఏమియు వ్రాయనిచో బిడ్డ నడచువారిలో చేరినట్లు భావింతుము. టీకా కార్డు నకలు, బిడ్డ బరువు, ఇంటి ఫోను సంఖ్య పత్రమునకు జతపరచి తరగతి ఉపాధ్యాయునికి అందజేయవలెను.